ఎం35ఏ2 మిలిటరీ ట్రక్కుకి పవర్ స్టీరింగ్: ఏ పద్ధతి, ఎంత సిలిండర్, ఎక్కడ చెడుతుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. టెక్సాస్‌లో ఉంటున్నారు, వేలంలో 1971 నాటి ఎం35ఏ2 కొన్నారు. రెండున్నర టన్నుల సిక్స్ బై సిక్స్ (అన్ని చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి), రకరకాల ఇంధనాలతో నడిచే మల్టీఫ్యూయల్ ఇంజిన్, స్టీరింగ్ పూర్తిగా మాన్యువల్. పాత 9.00-20 టైర్లు తీసేసి వెడల్పాటి 395/85ఆర్20 సింగిల్స్ (జంట చక్రాల బదులు ఒక్కొక్కటే) వేయించారు. అప్పటినుంచి బండి నిలబడి ఉంటే స్టీరింగ్ కదలడం లేదు, పార్కింగ్ చేస్తే భుజాలు పడిపోతున్నాయి. స్టీరింగ్ బాక్సు మార్చాలా, ఎయిర్ సిలిండర్ పెట్టాలా, కార్లకు వేసే ఎలక్ట్రిక్ కిట్ సరిపోతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీ బండికి పాత మాన్యువల్ బాక్సు అలాగే ఉంచి, టై రాడ్ (రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ) దగ్గర రెండున్నర అంగుళాల బోరు (లోపలి వ్యాసం) ఉన్న హైడ్రాలిక్ అసిస్ట్ సిలిండర్, డ్రాగ్ లింక్‌లో (బాక్సు నుంచి చక్రానికి కదలికను చేర్చే కడ్డీలో) కంట్రోల్ వాల్వ్, ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు పెట్టుకోండి. ఎలక్ట్రిక్ కిట్ వద్దు. ఎయిర్ సిలిండర్ పాత 9.00 టైర్లకైతే పరవాలేదు, 395లకు చాలదు. పవర్ బాక్సు మంచిదే, కానీ పని మూడింతలు. అయితే వీటిలో ఏదైనా కొనేలోపు ముందు యాక్సిల్‌కి ఒక రోజు కేటాయించండి.

ఎందుకంటే పవర్ స్టీరింగ్ ఏ జబ్బునీ నయం చేయదు. బిగుసుకుపోయిన కింగ్ పిన్‌ని (చక్రం పక్కకు తిరిగే ఇరుసుని) బలవంతంగా తిప్పుతుందంతే. చేతికి తెలిసే బరువు తెలియకుండా పోతుంది, ఆ బరువంతా టై రాడ్ ఎండ్‌ల మీదా నకిల్ (చక్రంతో పాటు పక్కకు తిరిగే భాగం) మీదా పడుతుంది. యాభై ఏళ్లు దాటిన బండ్లలో సగం బరువు టైర్లది కాదు, గ్రీజు చూడని కీళ్లది.

ముందు యాక్సిల్‌ని జాకీతో లేపి స్టాండ్ల మీద పెట్టండి. డ్రాగ్ లింక్‌ని నకిల్ దగ్గర విప్పేయండి. ఇప్పుడు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. సాఫీగా, ఒకే బరువుతో కదలాలి. మధ్యలో గరగరలాడినా, ఒకచోట పట్టేసినా కింగ్ పిన్ బేరింగులు విప్పాల్సిందే. షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకులు) తీసేసి ఎవరో మరీ బిగించి ఉండొచ్చు, లేదా నకిల్ బూటు (రబ్బరు తొడుగు) చిరిగి నీళ్లు చేరి బేరింగు తుప్పు పట్టి ఉండొచ్చు. వేలంలో వచ్చే బండ్లలో చిరిగిన బూటు చాలా మామూలు. బూటు మడతల్లో వేలు పెట్టి చూడండి. నల్లటి గ్రీజు బదులు కాఫీ రంగు జిగురు వస్తే లోపలికి నీళ్లు పోయినట్టే.

తర్వాత విప్పిన డ్రాగ్ లింక్ వైపు నుంచి స్టీరింగ్ తిప్పి చూడండి. అక్కడ బరువుంటే తప్పు బాక్సుది. ఈ రాస్ క్యామ్-లీవర్ బాక్సులో పక్క మూత మీద లాక్ నట్‌తో ఒక స్క్రూ ఉంటుంది. ప్లే (వదులు) పోవాలని దాన్ని మరీ లోపలికి తిప్పేస్తుంటారు. అడ్జస్ట్‌మెంట్ ఎప్పుడూ స్టీరింగ్ నడిమధ్యన ఉన్నప్పుడే చేయాలి, ఎందుకంటే క్యామ్ మధ్యలోనే బిగువుగా ఉండేలా తయారుచేస్తారు. కొస దగ్గర బిగిస్తే నడిమికి వచ్చేసరికి పట్టేస్తుంది. బాక్సులో గేర్ ఆయిల్ ఉందో లేదో కూడా చూడండి. లీకు ఆపడానికి గ్రీజు కూరిన బాక్సులు చాలా ఉన్నాయి. గ్రీజు పక్కకు తొలగిపోయి అక్కడే ఉండిపోతుంది, క్యామ్ ఎండిపోయి అరుగుతుంది. ఈ సిరీస్ వర్క్‌షాప్ మాన్యువల్ టీఎం 9-2320-361-20. టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు కాస్త లోపలికి తిరిగి ఉండే కొలత), షిమ్‌లు, డ్రాగ్ లింక్ ప్లగ్గు బిగింపు అందులో ఉన్నట్టే చేయండి, అందాజుగా వద్దు.

ఇక లెక్క. ఆగి ఉన్న బండి చక్రాలు తిప్పడానికి కావలసిన టార్క్‌ని హైడ్రాలిక్ స్టీరింగ్ డిజైన్‌లో ఇలా అంచనా వేస్తారు. టైరు వెడల్పు వర్గాన్ని 8తో భాగించండి. కింగ్ పిన్ గీత నేలను తాకే చోటికీ టైరు నడిమికీ మధ్య దూరం, అంటే ఆఫ్‌సెట్, దాని వర్గం కలపండి. మొత్తానికి వర్గమూలం తీయండి. దాన్ని ముందు యాక్సిల్ బరువుతోనూ, పొడి కాంక్రీటుకైతే 0.7తోనూ గుణించండి.

ముందు యాక్సిల్ మీద సుమారు 6,000 పౌండ్లు అనుకుందాం. 9.00 టైరు, 3 అంగుళాల ఆఫ్‌సెట్ అయితే 18,400 అంగుళ-పౌండ్లు వస్తుంది. 395 టైరు వెడల్పు 15.5 అంగుళాలు, రిమ్ము మారడంతో ఆఫ్‌సెట్ 5 అంగుళాలకు జరిగిందనుకోండి, 31,200 అవుతుంది. బండి అదే, బరువు అదే, టైరు మారిందని పని 1.7 రెట్లయింది. మీ భుజాల నొప్పికి కారణం ఇదే. రిమ్ము వల్ల పెరిగిన ఆఫ్‌సెట్‌కీ ఇందులో పెద్ద వాటా ఉంది, కాబట్టి మీ బండి మీద ఆ దూరం నిజంగా కొలవండి. ముందు విన్చ్ ఉంటే బరువు ఇంకా పెరుగుతుంది, తూకం వేయించి ఆ అంకె వాడండి.

ఈ టార్క్‌ని టై రాడ్ ఆర్మ్ పొడవుతో భాగిస్తే సిలిండర్ తోయాల్సిన బలం వస్తుంది. పూర్తిగా తిరిగినప్పుడు ఆర్మ్ ఏటవాలుగా ఉండి పనిచేసే పొడవు తగ్గుతుంది కాబట్టి 6 అంగుళాలనే పట్టుకుంటాను. 9.00 టైర్లకు 3,070 పౌండ్లు, 395లకు 5,200 పౌండ్లు కావాలి.

రెండు అంగుళాల సిలిండర్, 1,200 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) దగ్గర 3,770 పౌండ్లు తోస్తుంది. అంగుళం రాడ్ ఉన్న వైపు లాగేటప్పుడు 2,830 మాత్రమే. 9.00 టైర్లకు సరిపోతుంది, మిగిలిన కాస్తా మీ చెయ్యి ఇస్తుంది. రెండున్నర అంగుళాలదైతే తోసేటప్పుడు 5,890, లాగేటప్పుడు 4,950. 395లకు కావలసింది ఇదే. మూడు అంగుళాలది పెడితే ఇంకా హాయిగా ఉంటుంది కదా అంటారు. వద్దు. అంత బలం వస్తే చక్రం రాయికి ఆనినప్పుడు మీకు తెలియకుండానే టై రాడ్ వంగిపోతుంది. సిలిండర్ అనేది లింకేజీలో అన్నిటికన్నా బలహీనమైన భాగం వంగే లోపే ఆగిపోవాలి, ఆ హద్దు పెట్టేది బోరూ రిలీఫ్ ప్రెషరే (ఆయిల్ ఒత్తిడి అంతకు మించకుండా వాల్వ్ వదిలేసే స్థాయి).

మిగతా పద్ధతులు ఎందుకు కాదు.

ఎలక్ట్రిక్. రెండున్నర అంగుళాల బోరు, 8 అంగుళాల స్ట్రోకు (రాడ్ కదిలే దూరం) ఉన్న సిలిండర్‌లో 39 ఘనపు అంగుళాల ఆయిల్ పడుతుంది. మూడు సెకన్లలో కొస నుంచి కొసకు పోవాలంటే నిమిషానికి 3.4 గ్యాలన్లు కావాలి. 1,200 పీఎస్ఐ దగ్గర అది 2.4 హార్స్ పవర్. మోటారు, పంపు నష్టాలు కలుపుకుంటే 24 వోల్టుల దగ్గర 110 ఆంపియర్లు దాటుతుంది. మీ బండి ఆల్టర్నేటర్ 60 ఆంపియర్లది. కాలమ్‌కి బిగించే చిన్న ఎలక్ట్రిక్ మోటార్లయితే అసలు ఈ బరువుకు చేసినవే కావు, పైగా అవి ఇచ్చే బలమంతా పాత బాక్సు క్యామ్ గుండానే పోవాలి.

ఎయిర్. బండిలో గాలి ఎలాగూ ఉంది కాబట్టి చాలామంది మొదట దీని వైపే చూస్తారు. 5 అంగుళాల ఎయిర్ సిలిండర్ 100 పీఎస్ఐ దగ్గర 1,960 పౌండ్లు ఇస్తుంది. 8 అంగుళాల స్ట్రోకు ఒక్కసారి పూర్తిగా కదిలితే 0.7 ఘనపు అడుగుల మామూలు గాలి ఖర్చవుతుంది. నిమిషానికి 12 ఘనపు అడుగుల తరగతి కంప్రెసర్ ఐడిల్‌లో దాదాపు నాలుగో వంతే ఇస్తుంది. అంటే పార్కింగ్‌లో నాలుగైదు సార్లు ముందుకూ వెనక్కూ తిప్పేసరికి ట్యాంకులు పడిపోతాయి. ఈ బండి బ్రేకుకి గాలే బూస్టు. స్టీరింగ్ సుఖం కోసం బ్రేకు గాలి తాగేస్తే అసలుకే ఎసరు. 9.00 టైర్లున్నవారు ఎయిర్ పెట్టుకుంటే ప్రెషర్ ప్రొటెక్షన్ వాల్వ్ తప్పనిసరి. ట్యాంకు 75-80 పీఎస్ఐకి దిగితే స్టీరింగ్‌కి గాలి ఆగిపోయేలా ఉండాలి. ఇంకొకటి, గాలి నొక్కుకుపోతుంది కాబట్టి సాయం కాస్త ఆలస్యంగా వస్తుంది, ఒక్కసారిగా వస్తుంది. హైవే మీద ఇది అలవాటు పడాల్సిన విషయం.

పవర్ బాక్సు. షెప్పర్డ్, టీఆర్‌డబ్ల్యూ-రాస్ లాంటి భారీ ట్రక్కు బాక్సు వేస్తే డ్రైవింగ్‌లో అన్నిటికన్నా సాఫీగా ఉంటుంది, ఇందులో సందేహం లేదు. కానీ పాత కాలమ్ షాఫ్టు బాక్సుతో కలిసే వస్తుంది కాబట్టి కాలమ్ కోయాలి, రెండు యూ-జాయింట్లతో స్లిప్ షాఫ్టు పెట్టాలి, ఛాసిస్‌కి లోపలా బయటా అర అంగుళం ప్లేట్లు వేయాలి. పిట్‌మ్యాన్ ఆర్మ్ (బాక్సు నుంచి డ్రాగ్ లింక్‌ని కదిలించే చెయ్యి) పొడవు మళ్లీ లెక్కించాలి. ఆర్మ్ 90 డిగ్రీలు తిరిగితే కొస కదిలే దూరం ఆర్మ్ పొడవుకి 1.41 రెట్లు, అది మీ స్టీరింగ్ ఆర్మ్‌కి కావలసిన ప్రయాణంతో సరిపోవాలి. బాక్సులు రెండు దిశల్లోనూ దొరుకుతాయి. సైజు చూసి కొని దిశ చూడకపోతే ఎడమకు తిప్పితే బండి కుడికి పోతుంది. సైన్యమే తరువాత చేసిన ఎం35ఏ3లో క్యాటర్‌పిల్లర్ ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లతో పాటు పవర్ స్టీరింగ్ కూడా పెట్టారు. ఆ భాగాలు పూర్తి సెట్టుగా దొరికితే మాత్రం ఈ దారి ఆలోచించండి. ముక్కలు ముక్కలుగా అయితే వద్దు.

బాక్సే లేకుండా గొట్టాలతో మాత్రమే నడిచే ఆర్బిట్రాల్ స్టీరింగ్ ట్రాక్టర్లకు, ఫోర్క్‌లిఫ్టులకు. హోస్ పగిలితే స్టీరింగ్‌కీ చక్రానికీ సంబంధమే ఉండదు. రోడ్డెక్కే బండికి పెట్టకండి.

బిగించే విధానం. సిలిండర్ ఒక కొస టై రాడ్‌కి, రెండో కొస యాక్సిల్‌కి. ఛాసిస్‌కి కాదు. ఛాసిస్‌కి బిగిస్తే గుంత వచ్చి స్ప్రింగు కదిలిన ప్రతిసారీ సిలిండర్ పొడవు మారి బండి దానంతటదే పక్కకు పోతుంది. బ్రాకెట్‌ని స్ప్రింగ్ యూ-బోల్టుల ప్లేటుతో కలిపి బిగించండి, యాక్సిల్ హౌసింగ్ మీద వెల్డింగ్ వద్దు. టై రాడ్ మీద రెండు ముక్కల క్లాంపు, అదీ రాడ్ నడిమిన కాకుండా ఎండ్ దగ్గరగా. నడిమిన తోస్తే రాడ్ విల్లులా వంగుతుంది. సిలిండర్, టై రాడ్ దాదాపు సమాంతరంగా ఉండాలి, 10 డిగ్రీలకు మించి తేడా వద్దు.

స్ట్రోకు విషయంలో చాలామంది దెబ్బ తింటారు. టై రాడ్ ఈ కొస నుంచి ఆ కొసకు ఎంత కదులుతుందో కొలిచి దానికి కనీసం అర అంగుళం కలపండి. చక్రాలు సూటిగా ఉన్నప్పుడు సిలిండర్ సగంలో ఉండాలి. ముందు ఆనేది యాక్సిల్ స్టాప్ బోల్టులే కావాలి, సిలిండర్ అడుగు కాదు. సిలిండర్ ముందు ఆనితే రాడ్ ఐ దగ్గర పగులు వస్తుంది. అది పైనుంచి చూస్తే పెయింట్ గీతలాగా కనిపిస్తుంది, ఎవరూ పట్టించుకోరు.

కంట్రోల్ వాల్వ్ డ్రాగ్ లింక్ కొసన కూర్చుంటుంది. స్టీరింగ్ తిప్పగానే లింక్ అంగుళంలో పదహారో వంతు కదిలి స్పూల్‌ని (వాల్వ్ లోపల జరిగే ముక్కని) జరుపుతుంది, ఆయిల్ సిలిండర్‌లో ఒక వైపుకి పోతుంది. వాల్వ్ ఓపెన్ సెంటర్ రకం (స్టీరింగ్ తిప్పనప్పుడు ఆయిల్ అడ్డు లేకుండా వెనక్కి పోయేది) అయి ఉండాలి. పీ (పంపు నుంచి వచ్చే దారి), టీ (ట్యాంకుకి పోయే దారి) మధ్య లోపల చెక్ వాల్వ్ (ఒక వైపుకే వదిలేది) ఉండాలి. ఇంజిన్ ఆగిపోతే ఆయిల్ ఆ దారిన తిరిగి చేతితో స్టీరింగ్ తిప్పగలుగుతారు. అది లేకపోతే ఆయిల్‌కి దారి లేక స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. వాల్వ్ పొడవుకి డ్రాగ్ లింక్ కుదించాలి కాబట్టి పాతదాన్ని కోసి అతకకండి. మందపాటి సీమ్‌లెస్ ట్యూబుతో, రెండు కొసలా మరలు కోయించి కొత్తది చేయించండి. డ్రాగ్ లింక్, పిట్‌మ్యాన్ ఆర్మ్, స్టీరింగ్ ఆర్మ్: వీటిని వెల్డ్ చేయడం గానీ కాల్చి వంచడం గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు.

పంపు సంగతి. ఈ ఇంజిన్ ఐడిల్ 700 ఆర్‌పీఎం చుట్టూ, గరిష్ఠం 2,600. కార్ల పంపు ఇంత నెమ్మదిగా తిరిగితే ఆయిల్ చాలదు. చుట్టుకి ఒక ఘనపు అంగుళం ఇచ్చే పంపు అనుకోండి, లీకేజీ పోగా 3.4 గ్యాలన్లకు 925 ఆర్‌పీఎం దగ్గర తిరగాలి. పుల్లీ నిష్పత్తి 1.4 పెట్టుకుంటే ఐడిల్‌లో 980, గరిష్ఠంలో 3,640. రెండూ వేన్ పంపుకి సమ్మతమే, ఫ్లో కంట్రోల్ వాల్వ్ ఉన్న పంపు ఎక్కువైన ఆయిల్‌ని లోపలే తిప్పుకుంటుంది. బ్రాకెట్ 3/8 అంగుళం ప్లేటుతో, పంపుని ముందూ వెనకా రెండు వైపులా పట్టుకునేలా చేయించండి. ఒక వైపే పట్టుకున్న బ్రాకెట్ ఈ ఇంజిన్ వణుకుకి కొన్నాళ్లకే పగులుతుంది.

ప్రెషర్ హోస్ 3/8 అంగుళం, రెండు వైరు పొరలున్న 100ఆర్2 రకం. రిటర్న్ 5/8, అది సన్నగా ఉంటే వాల్వ్‌కి ఎదురు ఒత్తిడి పెరిగి స్టీరింగ్ బరువెక్కుతుంది. రిజర్వాయర్‌లో 10 మైక్రాన్ల ఫిల్టర్, రేడియేటర్ ముందు చిన్న కూలర్. ఆయిల్ పంపు తయారీదారు చెప్పిందే వేయండి, ఏటీఎఫ్‌నీ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్‌నీ) ఇంజిన్ ఆయిల్‌నీ కలపకండి. హోస్ కోసింది గ్రైండర్‌తో అయితే లోపల రబ్బరు పొడి ఉంటుంది. బిగించే ముందు గాలితో ఊదండి, సాల్వెంట్‌తో కడగండి. స్పూల్‌కీ దాని గదికీ మధ్య సందు వెంట్రుక మందం కన్నా తక్కువ. ఆ పొడి ఒక్క రేణువు చాలు స్పూల్ ఒక పక్కకు పట్టేయడానికి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ముందు యాక్సిల్ స్టాండ్ల మీదే ఉండాలి. ఇంజిన్ ఆపి ఉంచి స్టీరింగ్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పుతూ, ఆయిల్ దిగినప్పుడల్లా పోస్తూ బుడగలు ఆగేదాకా చేయండి. తర్వాత స్టార్ట్ చేయండి, కానీ చేతులు స్టీరింగ్ మీద ఉండకూడదు. సిలిండర్ హోసులు తారుమారైతే చక్రాలు ఒక్క ఉదుటున కొసకు పోతాయి, స్టీరింగ్ కమ్మీ మధ్య వేలుంటే విరిగిపోతుంది. చక్రాలు వాటంతటవి మెల్లగా ఒక పక్కకు పాకుతుంటే హోసులు సరిగానే ఉన్నాయి, స్పూల్ నడిమికి రాలేదని అర్థం.

రిలీఫ్‌ని మొదట 800 పీఎస్ఐ దగ్గర పెట్టి మొదలుపెట్టండి, గేజీ చూస్తూ 1,200కి తీసుకురండి. పాత టై రాడ్‌కి అంతకన్నా పైకి పోకండి. కొసకు తిప్పి ఐదు సెకన్లకు మించి పట్టుకోకండి, రిలీఫ్ మీద నడిచే ఆయిల్ నిమిషాల్లో కాగిపోతుంది. హోసు దగ్గర లీకు అనుమానం ఉంటే చేత్తో తడమకండి. ఆ ఒత్తిడిలో సూది రంధ్రం గుండా వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది, అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం. అట్టముక్క పెట్టి చూడండి.

తర్వాత వచ్చే తేడాలు కొన్ని. ఒక వైపు తేలిక, రెండో వైపు బరువు అంటే కొంత సహజమే, రాడ్ ఉన్న వైపు బలం తక్కువని పైన చూశాం. తేడా మరీ ఎక్కువైతే స్పూల్ సెంటరింగ్ చూడండి. ఆయిల్ నురగ వస్తే పంపు పీల్చే వైపు క్లిప్పు వదులై ఉంటుంది. మలుపు తర్వాత స్టీరింగ్ దానంతటది తిరిగి రాకపోతే ముందు బాక్సు స్క్రూ, డ్రాగ్ లింక్ ప్లగ్గులు మరీ బిగువుగా ఉన్నాయేమో చూడండి, అప్పటికీ రాకపోతే క్యాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలిన కోణం) కొలిపించండి. హైవే మీద బండి అటూ ఇటూ తిరుగుతుంటే అది పవర్ స్టీరింగ్ లోపం కాదు, లింకేజీలో ప్లే. పవర్ రాకముందు ఆ ప్లేని చేతి బలం కప్పిపెడుతూ ఉంటుంది.

మొదటి 100 మైళ్ల తర్వాత క్లాంపు బోల్టులు, యూ-బోల్టులు, కాటర్ పిన్నులు అన్నీ మళ్లీ చూడాలి. ఫిల్టర్ 500 మైళ్లకు మార్చేయండి, కొత్త వ్యవస్థలోని చెత్త అంతా అప్పటికే అందులో చేరుతుంది.

హైదరాబాద్, విజయవాడ వైపు నుంచి శక్తిమాన్, జోంగా లాంటి పాత సైనిక బండ్లు ఉన్నవారు కూడా ఇదే లెక్కతో సిలిండర్ సైజు తేల్చుకోవచ్చు, బరువూ టైరు వెడల్పూ మార్చుకుంటే చాలు. కానీ అక్కడ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పులకు వర్తిస్తుంది కాబట్టి పని మొదలుపెట్టక ముందే ఆర్టీఓ దగ్గర అడగండి. చేశాక అడిగితే ఫిట్‌నెస్ దగ్గర ఇరుక్కుంటారు.

మీరు ఇప్పుడు నాలుగు కొలతలు తీసి ఇక్కడే పెట్టండి: తూకంలో ముందు యాక్సిల్ బరువు, కింగ్ పిన్ ఆఫ్‌సెట్, టై రాడ్ ఆర్మ్ పొడవు, టై రాడ్ మొత్తం ప్రయాణం. టై రాడ్ మందం కూడా చెప్తే ఇంకా మంచిది. వాటిని బట్టి రెండున్నర అంగుళాలే సరైనదా, రెండుంపావుతో సరిపెట్టుకోవచ్చా అన్నది లెక్క వేసి చెప్తాను. అప్పటిదాకా సిలిండర్ కొనకండి.